పదమూడు వన్స్‌మోర్ల బకాయి

తాటికొండ సాంబయ్యకి కావలసింది ఒక్క పద్యం. నాలుగు నిమిషాల పద్యం. తన ఇంట్లో, తన కుర్చీలో కూచుని, తన కంప్యూటర్లో దాన్ని ఒక్కసారి వినాలి. ఈ మాత్రం కోరిక తీర్చడానికి ప్రభుత్వం ఒక మండలినీ, ఒక డైరెక్టర్నీ, మూడు వందల మంది ప్రేక్షకుల్నీ, చివరికి ఒక ఆడిట్ అధికారినీ రంగంలోకి దించిందంటే, పౌరుల మీద దానికెంత అక్కరో మీరే చూడండి.

సాంబయ్యది తెనాలి. నలభై ఏళ్ళు మైకుసెట్టు నడిపాడు. పెళ్ళిళ్ళకీ ఎన్నికలకీ కట్టేవాడు గానీ, ప్రాణమంతా నాటకాల మీదే. ఎందుకంటే అక్కడ వరహాలమ్మ ఉండేది. ఆవిడ రాణి వేషం కట్టి స్టేజి మీద, ఈయన స్టేజి పక్కన యాంప్లిఫయరు దగ్గర. అలా ఒకళ్ళనొకళ్ళు చూసుకుని చూసుకుని పెళ్ళి చేసుకున్నారు. ఆరేళ్ళ కిందట ఆవిడ పోయింది. గొంతు మాత్రం ఒక వీడియో క్యాసెట్టులో మిగిలింది. ఏదో యువజన సంఘం వార్షికోత్సవంలో, పెళ్ళి వీడియోలు తీసే అతనొకడు సరదాకి పట్టిన క్యాసెట్టు అది. ఆవిడ పద్యం ఎత్తుకుని, రాగం తీసి, దించేసరికి జనం "వన్స్ మోర్!" అంటూ లేచారు. మన నాటకాల్లో అది మామూలే కదా, జనం అడిగితే చచ్చిపడిపోయిన వేషగాడైనా లేచి మళ్ళీ పాడాల్సిందే. కానీ ఆవిడ రెండోసారి ఎత్తుకునేలోగా కెమెరాలో క్యాసెట్టు అయిపోయింది. ఆ మిగిలిన ఒక్క పద్యానికీ ఈమధ్య బూజు పట్టింది.

ఊళ్ళోకి డీజేలొచ్చాక సాంబయ్య మైకుసెట్టు మూలపడింది. దాన్ని అమ్మేసి ఇంట్లో కంప్యూటరు పెట్టుకున్నాడు. దానికి గోడంత తెర, ఆరు స్పీకర్లు. ముందు మూడు, వెనక రెండు, కాళ్ళ దగ్గర దడదడలాడే బాసు డబ్బా ఒకటి. డెబ్భై ఏళ్ళ వయసులో వైర్లన్నీ తనే లాక్కున్నాడు. "వెనకవెందుకు బాబాయ్?" అని ఎదురింటి వాళ్ళు అడిగితే, "సెట్టుతో వచ్చాయిరా, పారెయ్యలేక పెట్టా. మీ పిన్ని ఎదురుగా నిలబడి పాడుద్ది. నాకు మధ్య స్పీకరు చాలు" అనేవాడు. అన్నీ అమిరాయి గానీ, బూజు పట్టిన క్యాసెట్టుని శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించే యంత్రం మాత్రం ఊళ్ళో ఎక్కడా లేదు. విజయవాడలో ధ్వని దృశ్య వారసత్వ పరిరక్షణ మండలి అని ఒకటుందనీ, అక్కడ ఆ యంత్రం ఉందనీ ఎవరో చెప్పారు. సాంబయ్య క్యాసెట్టుని తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కాడు. దిగి, రసీదు పుచ్చుకుని, క్యాసెట్టు ఇచ్చేశాడు.

సరిగ్గా ఆ వారంలోనే మండలి డైరెక్టరు ఆచార్య పరాంకుశం గారికి జ్ఞానోదయమైంది. ఎవరిదో గృహప్రవేశానికి వెళితే, ఆ ఇంటాయన వీరిని సోఫాలో కూచోబెట్టి కంప్యూటర్లో ఒక యుద్ధం చూపించాడట. ఒక హెలికాప్టరు వీరి తల వెనక నుంచి బయల్దేరి, చెవి పక్కగా వచ్చి, ముందుకెళ్ళిపోయింది. డైరెక్టరు గారు తల వంచారు. చేతిలో కాఫీ పంచె మీద పడింది. ఆ పంచె ఇంకా చాకలి నుంచి రాకముందే సర్క్యులరు వచ్చేసింది.

"శబ్దము ముందువైపు నుండియే వెలువడవలెనను సంకుచిత భావమునకు స్వస్తి పలుకుచూ, మండలి అధీనమందున్న యావత్తు వారసత్వ సంపదను ఇకపై ఆరు చానెళ్ళ ఆవృత ధ్వనిలోనూ, నాలుగు కె స్పష్టతలోనూ మాత్రమే పౌరులకు అందజేయవలెను. ఏ ఒక్క చానెలునూ ఖాళీగా ఉంచరాదు."

నెలరోజుల తరవాత క్యాసెట్టు కోసం వెళ్ళిన సాంబయ్యని డైరెక్టరు గారు స్వయంగా లోపలికి పిలిచి కూచోబెట్టారు.

"మీ సతీమణి గారి గానంలో ఒక పెద్ద లోపం ఉందండీ" అన్నారు.

సాంబయ్య నెత్తిన పిడుగు పడ్డట్టయింది. "శ్రుతి తప్పిందాండీ?"

"శ్రుతి మా పరిధిలోకి రాదు. ఆవిడ ఒకే చానెల్లో పాడారు. మిగిలిన ఐదూ నిరుద్యోగంలో ఉన్నాయి."

"నిలబడి పాడింది కదండీ. ఒక మనిషి ఒకచోటే గదా నిలబడేది."

"అదే ఏకముఖ దృష్టి అంటే. సంస్కృతి అనేది పౌరుణ్ణి అన్ని దిక్కుల నుంచీ ఆవరించాలి సాంబయ్య గారూ. ఇప్పుడు మీ వెనక ఏముంది?"

సాంబయ్య వెనక్కి తిరిగి చూశాడు. "బీరువా ఉందండీ."

"మీ ఇంట్లో, పద్యం వినేటప్పుడు?"

"గోడ."

"చూశారా! ఆ గోడ మాట్లాడాలి. అదీ మా సంకల్పం."

గోడ ఏం మాట్లాడాలన్నదాని మీద మూడు సమావేశాలు జరిగాయి. స్టేజి మీద మనిషి ముందుంటే, వెనక ఉండవలసింది జనమని తేలింది. జనం కేకలు క్యాసెట్టులోనే ఉన్నాయి కదండీ అని సాంబయ్య మొత్తుకున్నాడు. అవి ముందు చానెల్లో ఉన్నాయి కాబట్టి వాళ్ళని ప్రేక్షకులుగా గుర్తించడం కుదరదన్నారు. కొత్త ప్రేక్షకుల కోసం ప్రకటన పడింది. మూడు వందల ఖాళీలు. నేల ప్రేక్షకులు, బెంచీ ప్రేక్షకులు, కుర్చీ ప్రేక్షకులు, గోడెక్కి చూసేవాళ్ళు. గోడెక్కేవాళ్ళకి దేహదారుఢ్య పరీక్ష. పదకొండు వేల దరఖాస్తులు వచ్చాయి. ఎంపికైనవాళ్ళలో నాటకం చూసినవాడు ఒక్కడూ లేడు గానీ, అందరూ డిగ్రీవాళ్ళే. రెండు వారాలు ఈల వెయ్యడంలో శిక్షణ ఇచ్చారు.

కేకలు రికార్డు చేసే రోజున సాంబయ్య కూడా వెళ్ళాడు. ఏమో, ఆ వంకనైనా పద్యం చెవిన పడుతుందేమోనని ఆశ. పెద్ద హాల్లో మూడు వందల మంది వరసగా నిలబడి, గోడ మీదున్న ఎర్ర బల్బు వంక చూస్తున్నారు. అది వెలిగినప్పుడల్లా "వన్స్ మోర్" అనాలి. ఏర్పాట్లు చూస్తున్నది ఇస్రాయేలని తనిఖీ అధికారి. ముప్ఫై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు.

"పద్యం ఏది బాబూ?" అనడిగాడు సాంబయ్య.

"స్ట్రాంగ్ రూములో ఉందండి."

"మరి పద్యం వినకుండా వన్స్ మోర్ ఏంటయ్యా?"

"వీళ్ళకి పద్యం వినే అర్హత లేదండి. అనడానికే నోటిఫికేషన్ ఇచ్చాం."

బల్బు ఒక్కసారి వెలగాలి. వైరు లూజుగా ఉండటంవల్ల అది వెలుగుతూ ఆరుతూ పద్నాలుగు సార్లు వెలిగింది. శిక్షణ పొందిన మనుషులు కాబట్టి పద్నాలుగు సార్లూ తు.చ. తప్పకుండా అరిచారు. మళ్ళీ తీయడానికి అనుమతి లేదు. పద్నాలుగూ ఎక్కించేశారు.

ఆ తరవాత ఇంటి తనిఖీ. ఆరు చానెళ్ళ సంపదని ఎలా పడితే అలా వింటే మండలి ఊరుకోదు. ఇస్రాయేలు కొలిచే టేపూ, కోణమానినీ పట్టుకుని తెనాలి వచ్చాడు. తెర ఎదురుగా సుద్దముక్కతో గుర్తు పెట్టి, దాని మీద సాంబయ్య కుర్చీ వేయించి, నాలుగు కాళ్ళకీ మేకులు కొట్టించాడు. దాని పేరు శ్రవణ కేంద్రం. అక్కడ కూచున్నవాడే విన్నట్టు లెక్క.

"ఇంకెవరన్నా వస్తేనో?"

"వాళ్ళు విన్నట్టుగా పరిగణించరండి" అంటూ ఇస్రాయేలు కోణమాని చూసుకున్నాడు. "నూట పది డిగ్రీలు... వెనక ఎడమ స్పీకరు వంటింట్లోకి పోయిందండి."

"వంటింట్లో ఎక్కడ?"

"చింతపండు జాడీ మీద."

"ఇంకాస్త ఇటు జరుపు నాయనా."

"జరిపితే నూట ఆరైపోద్దండి. నా ఉద్యోగం పోద్ది."

సాంబయ్య జాడీ తీసేశాడు. అతనికి కావలసింది పద్యం. జాడీదేముంది, కావాలంటే పొయ్యి కూడా తీయించేవాడే. వరహాలు గొంతు తన మధ్య స్పీకర్లోంచి రావడానికి ఇంకా ఏమేం మేకులు కొట్టాలో కొట్టుకోమన్నాడు.

అంతా అయింది, వచ్చి ఫైలు పట్టుకెళ్ళమని కబురొచ్చింది. సాంబయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. తీరా వెళ్ళేసరికి డైరెక్టరు గారి గదిలో కొత్తాయన ఒకరు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూచుని ఉన్నారు. ఆడిట్ అధికారి నృసింహం గారు. ఎదురుగా కాగితం మీద గీతలు గీసి ఉన్నాయి.

"ఇందులో వన్స్ మోర్ అను అభ్యర్థన పద్నాలుగు పర్యాయములు నమోదైనది" అన్నారాయన, హెడ్‌ఫోన్లు తీసి. "అభ్యర్థనలకి ముందే ఒకసారి పాడారు. దాన్ని దయతలచి ఒకదానికి చెల్లు వేశాను. పదమూడు పెండింగు."

డైరెక్టరు గారి మొహం పాలిపోయింది. "పెండింగా?"

"మూడు వందల మంది పౌరులు ముక్తకంఠంతో పద్నాలుగు సార్లు కోరారు. మీరు పరిష్కరించలేదు. తిరస్కరించినట్టు ఉత్తర్వు కూడా లేదు. ఏం చేద్దామనుకుంటున్నారు?"

"పోనీ ఆ కేకలు తీసేద్దామండీ" అన్నాడు సాంబయ్య ఆశగా.

నృసింహం గారు అతని వంక జాలిగా చూశారు. "ప్రభుత్వ ధనంతో సేకరించిన కేకలు. వాటిని తొలగిస్తే ఆస్తి నష్టం. గాయని గారిని పిలిపించండి."

"ఆవిడ కీర్తిశేషురాలండీ" అన్నారు డైరెక్టరు గారు.

"అయితే వారసులు పాడాలి. లేదా, వివాదానికి మూలకారణమైన పద్యాన్ని తొలగించండి. దానిమీద ఖర్చేమీ లేదు. రిజిస్టర్లో దాని విలువ సున్నా. సున్నా పోతే నష్టం లేదు. పద్యమే లేకపోతే బకాయీ లేదు."

డైరెక్టరు గారి మొహంలోకి మళ్ళీ నెత్తురొచ్చింది. "దివ్యమైన పరిష్కారం. కేకలు ఎలాగూ ఐదు చానెళ్ళలో నిండుగా ఉన్నాయి. పద్యం ఉన్నది ఒక్క చానెల్లోనేగా."

సాంబయ్య చేతులు జోడించాడు. "అయ్యా, మీకు పుణ్యముంటుంది, పద్యం తియ్యకండి. నేను పాడతాను. నేనే వారసుణ్ణి" అన్నాడు.

"పాడటం వచ్చా?"

"రాదండీ. కానీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది."

"వచ్చునా రాదా అన్నదానితో ఆడిట్‌కి సంబంధం లేదు" అన్నారు నృసింహం గారు. "సంఖ్య సరిపోవాలి, అంతే."

అప్పటికప్పుడు స్టూడియో తెరిచారు. నలభై ఏళ్ళుగా మైకుని ఇంకొకరి నోటి ఎత్తుకి సరిచేసి పక్కకి తప్పుకున్న మనిషి, మొదటిసారి దాని ముందు నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. వరహాలు ఎక్కడ ఊపిరి తీసుకునేదో, ఎక్కడ ఎడమ చెయ్యి ఎత్తేదో అతనికి తెలుసు. అవన్నీ తెలుసు గానీ గొంతే లేదు. పద్యం మొదటి పాదంలోనే బొంగురుపోయింది. రాగం దగ్గర దగ్గొచ్చింది. ఇస్రాయేలు మంచినీళ్ళిచ్చాడు.

"ఒకటి" అన్నారు నృసింహం గారు, గీత కొట్టి.

నాలుగోసారికి సాంబయ్య చొక్కా తడిసిపోయింది. ఏడోసారి రాగం మధ్యలో ఆగిపోతే, దగ్గుని రాగంలో భాగంగా పరిగణించవచ్చునా అని డైరెక్టరు గారు సందేహం వెలిబుచ్చారు. పరిగణించవచ్చునన్నారు ఆడిటరు గారు. తొమ్మిదోసారికి ఇస్రాయేలు "ఇంక చాలండి, పెద్దాయన పడిపోయేట్టున్నాడు" అన్నాడు. "ఊరుకో బాబూ, ఇంకో నాలుగేగా" అన్నాడు సాంబయ్య. పదమూడోది పాడుతున్నప్పుడు గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ గాలికి కూడా గీత పడింది. లెక్క సరిపోయింది. నృసింహం గారు లేచి నిలబడి అతనితో కరచాలనం చేశారు. సాంబయ్యకి ఎంత సంతోషమేసిందంటే, దారిలో బస్సులో పక్కన కూచున్న అపరిచితుడికి సైగలతోనే, మాట పెగలక, తన పద్యం దక్కిందని చెప్పుకున్నాడు.

పదిహేను రోజులకి ఫైలు వచ్చింది. చిన్న పెట్టెలో పెట్టి, లక్కముద్ర వేసి, ఒక ధ్రువపత్రం జతచేసి పంపారు. సాంబయ్య తలస్నానం చేశాడు. తలుపులేశాడు. మేకులు కొట్టిన కుర్చీలో కూచుని, కంప్యూటరుకి ఎక్కించి, మీట నొక్కాడు.

తెర మీద వరహాలమ్మ నిలబడి ఉంది. అబద్ధమెందుకు చెప్పాలి, బొమ్మ మాత్రం అద్భుతంగా చేశారు. ముక్కుపుడక మెరుపు కనబడుతోంది. చీర అంచు దగ్గర తను కుట్టించిన చిన్న అతుకు కూడా కనబడుతోంది. సాంబయ్య నోటమ్మట "ఓసినీ" అన్నమాట వచ్చింది. ఆవిడ ఊపిరి తీసుకుంది. ఎడమ చెయ్యి ఎత్తింది. నోరు తెరిచింది.

మధ్య స్పీకర్లోంచి బొంగురు గొంతొకటి దగ్గుతూ పద్యం ఎత్తుకుంది.

సాంబయ్య పొరపాటున ఏదో నొక్కాననుకున్నాడు. వెనక్కి పెట్టి మళ్ళీ మొదటినుంచి చూశాడు. వరహాలు పెదాలు, తన గొంతు. వంటింట్లోంచీ, బాత్రూము పక్కనుంచీ మూడు వందల మంది "వన్స్ మోర్!" అని అరిచారు. ఆవిడ మళ్ళీ నోరు తెరిచింది. మళ్ళీ అదే గొంతు. ధ్రువపత్రం తీసి చదివాడు.

"ఒకే పాత్రకు రెండు గొంతులుండుట క్రమబద్ధము కానందునను, పదమూడు పర్యాయములు ఒక గొంతునూ, ఒక్క పర్యాయము మాత్రమే వేరొక గొంతునూ ఉన్నందునను, అధిక సంఖ్యను గౌరవించి, సదరు ఒక్క పర్యాయమును మిగిలిన వాటితో ఏకరూపము గావించడమైనది."

ఇస్రాయేలుకి ఫోన్ చేశాడు. "బాబూ, నా క్యాసెట్టు... అసలు క్యాసెట్టు నాకు తిరిగిచ్చెయ్యి. నేనెక్కడో తంటాలు పడతా."

"ధ్రువీకరించిన ప్రతితో పోలిక కుదరలేదని నకిలీ కింద రాశారండి. మొన్ననే చెరిపేశారు. నేను వద్దన్నానండి. నా మాట ఎవరింటారు?"

సాంబయ్య ఏడ్చాడు. ఆవిడ పోయినరోజున పదిమందిలో ఉన్నానని ఆపుకున్నాడు. ఈసారి ఎవరున్నారని ఆపుకోవడం? కుర్చీలో కూచునే, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. వెనకనుంచి మూడు వందల మంది ఈలలు వేస్తూనే ఉన్నారు.

రెండు నెలలకి గృహ వినియోగ తనిఖీ పడింది. ఇస్రాయేలు మొహం చెల్లక గుమ్మంలోనే కాసేపు తచ్చాడి లోపలికొచ్చాడు. స్పీకర్ల వైర్లన్నీ పీకేసి ఉన్నాయి. తెర మీద వరహాలమ్మ పాడుతోంది. ఇంట్లో చిన్న చప్పుడు కూడా లేదు. సాంబయ్య కుర్చీలో కూచుని, ఆవిడ మొహం వంకే చూస్తూ, మోకాలి మీద చేత్తో తాళం వేస్తున్నాడు.

"ఆరు చానెళ్ళూ ఖాళీగా ఉన్నాయండి" అన్నాడు ఇస్రాయేలు భయంగా. "ఏం వింటున్నారు?"

"కాసేపు మాట్లాడకయ్యా" అన్నాడు సాంబయ్య, తల తిప్పకుండా. "రాగంలో ఉంది."

కూచోవడానికి రెండో కుర్చీ లేదు. ఇస్రాయేలు నేలమీద చతికిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక నాటకం చూడని మనిషి. ఆవిడ ఊపిరి తీసుకోవడం చూశాడు, మెడ మీద నరం పొంగడం చూశాడు, ఆ వేగానికి తగ్గట్టే పక్కనున్న ముసలాయన చెయ్యి మోకాలి మీద ఆగడం, లేవడం చూశాడు. ఆవిడ చివరి పాదం దించి, పెదాలు కలిపింది. సాంబయ్య మీట నొక్కి అక్కడే ఆపాడు.

ఇస్రాయేలు తనిఖీ పుస్తకం తీశాడు. ఆరు చానెళ్ళూ సక్రమంగా పనిచేస్తున్నాయని రాసి, సంతకం పెట్టి, పుస్తకం సంచిలో పెట్టేసుకున్నాడు. లేవలేదు.

"వన్స్ మోర్ అండీ" అన్నాడు మెల్లిగా.

సాంబయ్య పద్యాన్ని మొదటికి జరిపాడు.